ఆమె ప్లేటులో లేనిది

ఆమె గిన్నెలో కొత్తిమీర లేదు.

సర్వేయర్ మళ్లీ చూశాడు. తన గిన్నెలో పలచటి పప్పునీళ్ల మీద రెండు ఆకులు తేలుతున్నాయి, పట్టకారుతో పట్టి పెట్టినట్టు, ఎదురెదురుగా. బల్లకి అటువైపు కూర్చున్న భార్య గిన్నెలో పప్పునీళ్లున్నాయి, నేతిచుక్కలున్నాయి, ఆకుల్లేవు. వెయిటర్ ఒకే గాజు కూజాలోంచి ఇద్దరికీ వంచి పోయడం కళ్లారా చూశాడు. అంటే ఆకులు అడుగున ముందే ఉన్నాయి, ఒక గిన్నెలో పెట్టారు, ఒక గిన్నెలో పెట్టలేదు. మర్చిపోయారేమో. ఇలాంటి చోట మర్చిపోతారా? మన వంటలనే విడదీసి, మళ్లీ కలిపి, చెంచాడేసి చొప్పున ఏడు విడతలుగా వడ్డించే చోటు ఇది. గ్లాసులో నీళ్లు సగానికి దిగకముందే ఎవరో నీడలా వచ్చి నింపి వెళ్తున్నారు. చెంచా, బల్ల అంచు ఒకే గీతలో ఉన్నాయి. ఇక్కడ ఒక ఆకు ఉందంటే దానికో కారణం ఉంటుంది, లేదంటే దానికి ఇంకా పెద్ద కారణం ఉంటుంది. ఆమెకు కొత్తిమీర పడదు. ఆ సంగతి ఈ హోటల్లో ఎవరికి తెలుసు?

ఆమె కూడా చూసింది. తన గిన్నెలోకి చూసి, అతని గిన్నెలోకి చూసి, తలెత్తి నవ్వింది. ఆ నవ్వు తన మొహం దాకా రాలేదని, ఎడమ చెవికి రెండంగుళాల దూరంలోంచి వెనక్కి వెళ్లిపోయిందని అతనికి గట్టిగా అనిపించింది. వెనక ఏముంది? గాజు గోడ, ఆ గోడకి అవతల వంటగది. ఇందాక లోపలికి వస్తూ అతను చూసిందల్లా రెండే: నీలం మంటలు, పొయ్యిల మీదుగా కట్టిన తీగకి బట్టలారేసినట్టు క్లిప్పులు పెట్టి వేలాడేసిన తెల్లచీటీలు. కూర్చునేటప్పుడు ఆ కుర్చీ ఆమే ఎంచుకుంది. "మీరు పొయ్యిల వైపు కూర్చుంటే తినరు సర్వేయర్ గారూ, ఎక్కడ నిప్పురవ్వ ఎగిరిందా అని కాపలా కాస్తారు. నేనిటు కూర్చుంటా." అప్పుడది జోకులా వినపడింది.

ఇరవై రెండేళ్లుగా అతని ఉద్యోగం అదే. ఎక్కడ కొట్టో గోడౌనో కాలిపోయినా బీమా కంపెనీ అతన్ని పంపుతుంది. అతను బూడిదలో మోకాళ్ల మీద కూర్చుని, మంట ఎక్కడ మొదలైందో చెబుతాడు. మసి గోడ మీద ఎంత ఎత్తుకి పాకింది, తలుపు బందు ఏ వైపుకి వంగింది, కిటికీ గాజు లోపలికి రాలిందా బయటికి రాలిందా, ఇవన్నీ అతనితో మాట్లాడతాయి. గుప్పెడు బూడిద ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, కిరసనాయిలో రంగులో కలిపే నూనో తేల్చేస్తాడు. ఆఫీసులో అందరూ 'బూడిద సారు' అంటారు, మొహం మీద కాదు, తలుపు వేశాక. నేరం చేసినవాడు కన్నీళ్లు పెట్టుకుంటాడు, బల్లలు మాత్రం నిజం చెబుతాయి అని కొత్తగా చేరిన కుర్రాళ్లకి పాఠం చెబుతుంటాడు. ఇప్పుడు ఈ బల్ల ఏం చెబుతోంది? "నీది కొంచెం రుచి చూడనా?" అన్నాడు, ఊసుపోక అడిగినట్టు. ఆమె గిన్నె ముందుకు జరిపింది, ఇంకా ఆ నవ్వు పెదాల చివర ఉండగానే. ఆవిరి పీల్చాడు. నెయ్యి, ఇంగువ, కాల్చిన మిరపకాయ. ఆకు పెట్టి, తీసేసిన జాడ కూడా లేదు. అసలు పెట్టనేలేదు. "బాగుందా?" అందామె. "ఊఁ" అన్నాడు.

ఈ భూమ్మీద ఆ సంగతి ఎందరికి తెలుసు? వాళ్లమ్మకి తెలుసు, ఆవిడ పోయింది. ఆమె తమ్ముడికి తెలుసు, వాడు ఇలాంటి హోటల్ గుమ్మం కూడా ఎక్కడు. తనకి తెలుసు. ఆమె చెప్పుకునే మనిషి కాదు. అతనికి తెలిసిన రోజు ఎలాంటిదో రంగులతో సహా గుర్తుంది. ఒక క్లినిక్కులో వేడినీళ్ల పెట్టె ప్లగ్గు కాలి తెరలంటుకున్నాయని ఇతన్ని పంపారు. ఆమె అప్పుడు చిన్న ఫిజియోథెరపిస్టు, ఆ గదికి ఆమెదే బాధ్యత. భయపడుతూ అడిగినవాటికల్లా జవాబు చెప్పి, మధ్యాహ్నం వరండాలో బెంచీ మీద కూర్చుని టిఫిను డబ్బా విప్పింది. కూరలోంచి ఒక్కో ఆకూ ఏరి మూత మీద కుప్ప పెడుతోంది, ముళ్లు ఏరినంత శ్రద్ధగా. "అవేంటి?" అన్నాడు, కాలిపోయిన ప్లగ్గు గురించి అడిగిన గొంతుతోనే. "నల్లులు" అంది. అతను బిత్తరపోతే, నవ్వింది. "కొత్తిమీరేనండీ. నాకు మాత్రం నల్లిని నలిపినప్పుడు వచ్చే వాసన వస్తుంది. చెబితే జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. అందుకే ఎవరింటికెళ్లినా నోరు మూసుకుని ఏరుకుంటా." ఆ రోజు నోట్‌బుక్కులో ప్లగ్గు కొలతల కింద 'కొత్తిమీర' అని రాసుకున్నాడు. ఎందుకు రాశాడో అప్పుడు అతనికి తెలీదు. పై అధికారి ఆ కాగితం చూసి, ఇది మంటకి కారణమా అని అడిగాడు.

పెళ్లయిన కొత్తలో ఎక్కడ విందుకెళ్లినా ఆమె ప్లేటు అంచున ఆ పచ్చటి కుప్ప ఉండేది. చిన్నది, గోరంత. అందరి మధ్యా కూర్చుని దాన్ని చూస్తే అతనికి గర్వంగా ఉండేది, తన ఇంటి తాళంచెవి తన జేబులోనే ఉందని తడిమి చూసుకున్నట్టు. ఇప్పుడు తలుచుకుంటుంటే, ఆ కుప్ప చూసి చాలా ఏళ్లయింది. ఎప్పుడు ఆగిపోయింది? తినడం అలవాటైందా? ఎవరు అలవాటు చేశారు? తినడం అలవాటైతే ఈ వంటవాడు ఆకులు ఎందుకు మానేస్తాడు, రెండు అనుమానాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి కదా అని అతని లోపలి సర్వేయర్ అన్నాడు. లోపలి మొగుడు వినిపించుకోలేదు.

ఇద్దరికీ ఒకేలా వచ్చిన రెండో విడత ప్లేట్లు తీసుకెళ్లి మూడోవి పెట్టారు. కాల్చిన గుమ్మడి ముక్క, బొటనవేలంత, పక్కన బొగ్గులా నల్లగా ఏదో పొడి. వెయిటర్ ఒంగి గుసగుసగా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. ఏ నిప్పు మీద, ఎంతసేపు, ఏ ఆకులో చుట్టి. అతని ముక్క మీద పచ్చటి చుక్కలు మూడు. ఆమె ముక్క మీద తెల్లటి చుక్కలు మూడు. పెరుగు. సర్వేయర్ చూపు ఆ చుక్కల మీదే ఆగిపోయింది. మొదటిదాన్ని మరుపు అనుకోవచ్చు. రెండోసారి మరుపు రాదు. పక్కబల్ల దగ్గర ఒక పెద్దమనిషి వచ్చిన ప్రతి ప్లేటునీ లేచి నిలబడి ఫొటో తీస్తున్నాడు, అతని భార్య చెంచా పట్టుకుని ఆకలిగా, ఓపికగా చూస్తోంది. సుఖపడ్డారు వాళ్లు, అనుకున్నాడు సర్వేయర్. ఆవిడ మీద ఇక్కడ ఎవరికీ ధ్యాస లేదు.

అడక్కూడదు. అది మాత్రం గుర్తుంది. ఏ మందు మత్తులో ఉన్నా గుర్తుండేంత గట్టిగా గుర్తుంది. ఇంతకుముందు అడిగాడు. పళ్ల డాక్టరు గురించి అడిగాడు, వానలో కారెక్కించుకుని దింపిన సహోద్యోగి గురించి అడిగాడు, మోకాలి నొప్పితో వచ్చి ప్రతిసారీ చాక్లెట్ ఇచ్చి వెళ్లే ఎనభై ఏళ్ల ముసలాయన గురించి కూడా, నవ్వుతూ అడిగినట్టు అడిగి, రాత్రంతా నిద్రపోకుండా అడిగాడు. "ఒరేయ్, పుట్టగానే నీ కడుపులో పొయ్యి ఎవరు వెలిగించార్రా?" అంటుంది అక్క. చిన్నప్పుడు అమ్మ అక్కకి ముందు వడ్డిస్తే బల్లకింద దూరి కూర్చునేవాడట. ఆకలేస్తున్నా బయటికి రాకుండా, కాళ్లు లెక్కపెడుతూ. మూడేళ్ల కిందట ఒకరోజు లేని నడుంనొప్పి తెచ్చుకుని, ఆమె పనిచేసే ఆస్పత్రికే వెళ్లి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నాలుగు గంటలు వెయిటింగ్ హాల్లో కూర్చున్నాడు. పదిహేడో నంబరు అని పిలిచారు, లేవలేదు. మూడోసారి పిలిచినప్పుడు ఆమే బయటికొచ్చింది. పేపరు తలకిందులుగా లేదు, సినిమాల్లోలాగా. సరిగ్గానే ఉంది. అయినా ఆమెకి అర్థమైపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చాక ఆమె అరవలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇప్పటిదాకా అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాను. ఇంకొక్కసారి వాడెవడని అడిగితే జవాబుండదు. వెళ్లిపోతానని బెదిరించడం లేదు, ఇంట్లోనే ఉంటా. కానీ మీకు తెలిసిన నేను ఉండను. ఆలోచించుకోండి." అతను తలూపాడు. మూడేళ్లు అడగలేదు. అడక్కపోవడం వేరు, అనుకోకపోవడం వేరు. అనుకున్నవన్నీ మింగాడు, ఒక్కోటీ గొంతుకి అడ్డం పడుతున్నా మింగాడు. ఆమె మెల్లగా మళ్లీ 'సర్వేయర్ గారూ' అనడం మొదలుపెట్టింది. పోయిన నెల ఆమెని డిపార్టుమెంటుకి హెడ్ చేశారు. ఈ భోజనం అందుకే.

టేబుల్ బుక్ చేసింది కూడా తనే, ఆమె కాదు. అది ఆలోచించాల్సిన విషయమే. ఆలోచించాడు, పక్కన పెట్టాడు. మూడు వారాల కిందట, కాలిపోయిన టైర్ల గోడౌన్లో, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఒక చేత్తో కొలత టేపు, ఇంకో చేత్తో పెన్సిలు. హోటల్ అమ్మాయి గొంతు మర్యాదగా ఉంది గానీ సిగ్నల్ లేదు. ఎంతమంది, ఏ రోజు, ఏ పూట, కిటికీ పక్కన కావాలా, ఏమైనా విశేషమా, ఇంకా ఇంకా అడుగుతూనే ఉంది, ఇతను గోడ కొలుస్తూ చెబుతూనే ఉన్నాడు. ఒకటేదో ఆ అమ్మాయికి వినపడక మూడుసార్లు అరవాల్సొచ్చింది. ఏడుస్తున్న గోడౌన్ యజమాని ఏడుపు ఆపి మరీ వెనక్కి తిరిగి చూశాడు. తేదీ అయ్యుంటుంది. ఉత్తరపు గోడ మీద మసి నాలుగడుగుల రెండంగుళాల ఎత్తుందన్నది మాత్రం ఇప్పుడడిగినా చెబుతాడు. అయితే, హోటల్ పేరు ముందు ఎవరన్నారు? ఆమే. "అక్కడ బాగుంటుందట" అంది. ఎవరు చెప్పారట? ఆ 'ట' వెనక ఎవరున్నారు?

నాలుగో ప్లేటు వచ్చేలోపు అతనికి స్తంభం దొరికింది. ఆమె కుడిభుజం వెనక, కిటికీకి ఇవతల, పైకప్పు దాకా గుండ్రటి స్టీలు స్తంభం, అద్దంలా మెరుస్తోంది. అందులో వంటగది మొత్తం సన్నగా, పొడుగ్గా సాగి కనపడుతోంది. మంటలు దారాల్లా ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి, నల్లకోటు, కోటు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. అసలు మనిషి ఎంత ఎత్తో గానీ స్తంభం వాణ్ని ఏడడుగులు చేసింది. నడుము లేదు, పొట్ట లేదు. సర్వేయర్ తన పొట్ట బల్ల అంచుకి తగులుతున్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు కొంచెం వెనక్కి జరిగాడు. ఆ మనిషి ప్రతి ప్లేటు మీదా ఒంగుతున్నాడు, ఏదో వేస్తున్నాడు, తీస్తున్నాడు, గాజులోంచి హాల్లోకి చూస్తున్నాడు. ఈ బల్ల వైపే చూస్తున్నాడు. ఎడమ మణికట్టుకి ఏదో నీలంగా ఉంది.

నీలం టేపు. సర్వేయర్ చెంచా కింద పెట్టేశాడు. ఆ టేపు అతనికి తెలుసు, తన కండువా రంగు తెలిసినంత బాగా తెలుసు. అది సాగుతుంది, చర్మానికి అంటుకుంటుంది, నొప్పి ఉన్నచోట కండరానికి ఊతంగా అతికిస్తారు. ఇంట్లో ఫ్రిజ్ పైన రెండు చుట్టలున్నాయి, ఆమె బ్యాగులో ఒకటి ఎప్పుడూ ఉంటుంది, కారు డ్యాష్‌బోర్డులో ఒకటి. చీలమండలకీ భుజాలకీ మెడలకీ రోజూ ఆమె అతికించేది అదే. ముందు చర్మాన్ని తుడుస్తుంది, ముక్క కత్తిరించి మూలలు గుండ్రంగా చేస్తుంది, వేళ్లతో రుద్ది వేడి పుట్టిస్తుంది, అప్పుడే జిగురు పట్టుకుంటుందని. వేళ్లతో రుద్ది. వంటవాడి మణికట్టుని ఒళ్లో పెట్టుకుని. ఎన్ని సిట్టింగులు పడుతుంది మణికట్టు నొప్పికి? పది? పన్నెండు? పన్నెండు సార్లు కూర్చుంటే మనుషులు ఏం మాట్లాడుకోరు? నేను వంటవాణ్ణండీ, మీకేమిష్టం? ఇష్టాలు ఎవరైనా అడుగుతారు, బస్సులో పక్కన కూర్చున్నవాడు కూడా అడుగుతాడు. పడనివి తెలియాలంటే మాత్రం చాలా దగ్గరికి రావాలి. అతను పన్నెండేళ్లుగా తన ఒక్కడిదే అనుకున్నదాన్ని వీడు పన్నెండు సిట్టింగుల్లో తెలుసుకున్నాడు. పైగా దాన్ని ప్లేటులో పెట్టి, మొగుడి కళ్ల ముందే ఆమెకి తినిపిస్తున్నాడు.

"ఏంటండీ, చేప తినట్లేదు? వేడిగా ఉందా?" అందామె. నాలుగో ప్లేటు ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు. ఆవిరి మీద ఉడికిన చేపముక్క, ఒంటినిండా పచ్చటి ముద్ద పూసుకుని. ఆమెది పసుపుపచ్చగా ఉంది, కొబ్బరి, ఆవ. ఇది చల్లడం మానేయడం కూడా కాదు, ఈమె ఒక్కదాని కోసం వేరే నూరారు. ఎవడో పొద్దున్నే లేచి, ఈవిడ వస్తుందని తలుచుకుంటూ, వేరే రోట్లో వేరే ముద్ద నూరాడు. అతను చేప నోట్లో పెట్టుకున్నాడు. వెన్నలా ఉంది. ఇంత బాగుండకపోతే కాస్త నయంగా ఉండేది. వీడికి పని రాదనుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు. ఆమె కళ్లు మూసుకుని తింటోంది. కళ్లు తెరిచి మళ్లీ అదే నవ్వు, చెవి పక్కగా. తన చేతి వంట తిని ఆమె ఇలా కళ్లు ఎప్పుడు మూసింది? తను ఆదివారాలు చేసే గుడ్ల అట్టు తిని మూయలేదు. మాడిన వాసన వస్తోంది సర్వేయర్ గారూ, మంట ఎక్కడ మొదలైందో చెప్పండి, అనేది.

ఆమెకి ఎదురుగా ఉండి ఆమెని కాక స్తంభాన్ని చూడటం అలవాటైపోయింది. ఐదోది వచ్చింది, వెళ్లింది. నోరు ఏదో నమిలింది. ఆమె ఆస్పత్రి కబుర్లు చెబుతోంది, కొత్త గది, గదికి కిటికీ, తలుపు మీద తన పేరు రాయించారని, అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయని, రేపు మార్పిస్తామన్నారని. అతను సరైన చోట్ల ఊఁ కొట్టాడు. మధ్యలో ఆమె చూపు నిజంగానే భుజం మీదుగా వంటగది వైపు వెళ్లింది, అక్కడే ఆగింది, కనుబొమలు ముడిపడ్డాయి, ఏదో బాధ చూసినట్టు. ఈసారి అనుమానం కాదు, తను కళ్లారా చూశాడు. ఎవరి మీద ఆ బాధ? నొప్పి తగ్గలేదా పాపం?

ఆరో విడత అన్నం, మట్టి చిప్పలో, మూడు ముద్దలకి సరిపడా. దాని వెనకే మనిషి వచ్చాడు. స్తంభంలోంచి ఊడిపడ్డట్టు వచ్చాడు. దగ్గరికొస్తే ఏడడుగులు లేడు, ఇతని చెవి దాకా వస్తాడేమో. బట్టతల, అలసిన కళ్లు, మణికట్టు మీద నీలం టేపు. ప్రతి బల్ల దగ్గరా ఆగుతూనే వస్తున్నాడు, అది సర్వేయర్ గమనించాడు గానీ లెక్కలోకి తీసుకోలేదు.

"ఎలా ఉందండీ?" అన్నాడు షెఫ్. ఆమెనే అడిగాడు, ముందు ఆమెనే. "ఏమైనా తేడా తెలిసిందా మేడమ్?"

"తెలిసింది" అందామె. ఆ ఒక్క మాటలో నవ్వు, గర్వం, ఇంకా ఏదో సిగ్గులాంటిది. "చాలా థాంక్సండీ."

"భలేవారే, నాకెందుకు థాంక్స్!" అన్నాడు షెఫ్, సర్వేయర్ వైపు తిరిగి చూసి నవ్వుతూ. కన్ను కొట్టలేదు గానీ కొట్టినంత పని చేశాడు. తరవాతి బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఫొటోల పెద్దమనిషి అతన్ని కూడా నిలబెట్టి ఫొటో తీశాడు.

నాకెందుకు థాంక్స్. అంటే? మన మధ్య థాంక్స్ ఏంటి, అని. మొగుడి మొహం మీదే. వాడి నవ్వు ఇంకా బల్ల మీద ఉన్నట్టే ఉంది, తుడిచినా పోని నూనెమరకలా. సర్వేయర్‌కి చెవులు వేడెక్కాయి. పైకి బూడిదగా కనిపించే కుప్పలో చెయ్యి పెట్టకూడదని కొత్తవాళ్లకి మొదటిరోజే చెబుతాడు, లోపల రోజుల తరబడి నిప్పు బతికి ఉంటుందని, గాలి తగిలితే చాలని. మూడేళ్లు. అడగద్దు. తిను. అన్నం మూడు ముద్దలే, తినేసి, ఆఖరిది తినేసి, బయటికెళ్లి కారెక్కు, ఇంటికెళ్లి తల మీద నీళ్లు పోసుకో. రేపు అక్కకి ఫోన్ చెయ్. అడగద్దు. ఏడోది వచ్చింది. కొబ్బరిపాల ఐసు, గుండ్రంగా, తెల్లగా. అతని దాని మీద చక్కెరలో ముంచి ఎండబెట్టిన కొత్తిమీర ఆకు ఒకటి, మంచు పట్టినట్టు మెరుస్తూ. ఆమె దాని మీద పుదీనా ఆకు. ఆమె చెంచా తీసింది, తీసి, ఆగి, అతని కళ్లలోకి సూటిగా చూసి, "ఏవండీ, ఒక మాట చెప్పనా? ఎప్పట్నుంచో చెప్పాలని..." అంది. ఆ మాట ఏంటో అతనికి తెలిసిపోయింది. ఇలాంటి మాటలు ఇలాగే మొదలవుతాయి. తను వినకముందే అనేయాలి, కూలే గోడ మీద పడకముందే బయటికి దూకినట్టు.

"అతను నీకు ఎన్నాళ్లుగా తెలుసు?"

ఆమె చెంచా గాల్లో ఆగింది. "ఎవరు?" అని కూడా అనలేదు. నవ్వు వెంటనే పోలేదు. కరెంటు పోయాక బల్బులో తీగ కాసేపు ఎర్రగా ఉన్నట్టు ఉండి, తర్వాత పోయింది. అది పోయే క్షణంలో అతనికి మొదటిసారి సూటిగా కనపడింది, ఆ నవ్వు ఎక్కడుండేదో. చెవి పక్కన కాదు. తన మొహం మీదే ఉండేది, ఇందాకటి నుంచీ.

ఆమె చెంచా మెల్లగా కింద పెట్టింది. అతనికి జవాబు చెప్పలేదు. నీళ్లు నింపడానికి వచ్చిన వెయిటర్ వైపు తిరిగింది, ఆస్పత్రి గొంతుతో. "బాబూ, మీ షెఫ్‌తో చెప్పండి, ఆ చేతికి టేపు తప్పుగా వేశారు. అడ్డంగా బిగించేశారు, నరం నొక్కుకుపోతుంది. ఇందాకటి నుంచీ చూస్తున్నా, చూడలేకపోతున్నా. విప్పేసి, ఎవరైనా తెలిసినవాళ్ల చేత వేయించుకోమనండి."

"ఎవరూ వేయలేదు మేడమ్, ఫోన్లో వీడియో చూసి ఆయనే వేసుకున్నారు" అన్నాడు వెయిటర్ నవ్వుతూ. "తప్పకుండా చెప్తాను." చిన్న అట్ట కవరు ఒకటి సర్వేయర్ ముందు పెట్టాడు. "ఇది మీకు సార్. ప్రతి టేబుల్‌కీ వంటింట్లో ఒక చీటీ తగిలిస్తాం, దాన్ని చూసే వండుతారు. భోజనమయ్యాక అది వచ్చినవాళ్లకే ఇచ్చేస్తాం, గుర్తుగా."

తీగ మీద వేలాడిన తెల్లచీటీ. ఒక మూల నూనె చుక్క, ఇంకో మూల క్లిప్పు గుర్తు. అమ్మాయి చేతిరాత, గుండ్రంగా. 'రెండో టేబుల్. ఇద్దరు. కిటికీ పక్కన. మేడమ్‌కి ప్రమోషన్. మేడమ్‌కి కొత్తిమీర పడదు. ఆకు గానీ కాడ గానీ వద్దు. వేసి తీసేయడం కూడా వద్దు, వాసన ఉండిపోతుంది. సార్ మూడుసార్లు చెప్పారు.' కింద ఏడు టిక్కులు, వేరే సిరాతో.

ఉత్తరపు గోడ, నాలుగడుగుల రెండంగుళాలు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. కొత్తిమీర! కొత్తిమీరమ్మా, కొ-త్తి-మీ-ర! గోడౌన్ యజమాని ఏడుపు ఆపి తిరిగి చూసింది తేదీకి కాదు. ఒక్కసారిగా తలుపులన్నీ తెరుచుకున్నట్టు మిగతావన్నీ వచ్చాయి: ఆఫీసు విందులో వంటమనిషి పక్కకి వెళ్లి ఏదో చెప్పి వస్తున్న తను, వాళ్ల చిన్నమ్మ ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర తను, రైల్లో భోజనం తెచ్చినవాణ్ని వెనక్కి పిలుస్తున్న తను. చెప్పినట్టు గుర్తుకూడా లేదు, దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు చెప్పేవాడు. ప్లేటు అంచున కుప్ప ఎందుకు ఆగిపోయిందో, ఎవరు ఆపారో. నాకెందుకు థాంక్స్ అని షెఫ్ ఎవరి వైపు చూశాడో. ఎప్పట్నుంచో చెప్పాలని అంటూ ఆమె ఏం చెప్పబోయిందో. ఇరవై రెండేళ్లలో అతని లెక్క ఎప్పుడూ ఇంత తప్పలేదు, ఇంత త్వరగా తేలనూ లేదు.

చీటీ ఆమె వైపు జరిపాడు. ఆమె చదవలేదు. చదవక్కర్లేదన్నట్టు, రాసిందేంటో మొదటి గిన్నె దగ్గరే తెలుసన్నట్టు, దాని మీదుగా చెయ్యి చాచి, అతని ప్లేటులోంచి చక్కెర పట్టిన ఆ కొత్తిమీర ఆకు తీసుకుంది. కాడతో సహా నోట్లో పెట్టుకుంది.

"వద్దు" అన్నాడు. "వద్దు, నీకు పడదు, ఉమ్మెయ్." అరచెయ్యి ఆమె గడ్డం కింద పట్టాడు, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా. ఫొటోల పెద్దమనిషి చూస్తున్నాడు. చక్కెర కరిగి ఉంటుంది, లోపలి ఆకు నాలుకకి తగిలి ఉంటుంది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నమిలింది. ఆగకుండా, తొందరపడకుండా, మందుబిళ్ల నమిలినట్టు ఆఖరిదాకా నమిలింది. మింగింది. గ్లాసెత్తి ఒక్క గుక్క నీళ్లు తాగి, జేబురుమాలుతో కళ్లు అద్దుకుంది.

అతని చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది, ఖాళీగా. తనకి తెలిసిన ఆమె కొత్తిమీర తినదు.

"పర్లేదు" అందామె, బ్యాగు తీసుకుంటూ. "తినొచ్చు."